ఎలక్ట్రాన్ సాంద్రత మ్యాపును మబ్బులా చూడటం ఎలా

ప్రోటీన్ స్ఫటికం మ్యాపు, అంటే అందులో ఎలక్ట్రాన్లు ఎక్కడ ఎంత దట్టంగా ఉన్నాయో చూపేది, తెరిచినవాళ్లందరికీ మొదట కనిపించేది నీలిరంగు వల. 1.5 సిగ్మా (మ్యాపు విలువలకు కొలమానం, వివరం తర్వాత చెబుతాను) దగ్గర గీసిన మెష్ అది. దాన్ని చూసి "ఇదిగో లిగాండ్" (ప్రోటీన్‌కి అతుక్కునే అణువు) అనేస్తాం, "ఈ లూప్‌కి సాంద్రత లేదు" అనేస్తాం. ఆ మాట అన్నది మ్యాపా, మనం పెట్టిన 1.5 అనే అంకెనా అని మాత్రం అడగం. స్లైడరును 1.0కి దించితే లేదనుకున్న లూప్ ప్రత్యక్షమవుతుంది. 2.5కి ఎక్కిస్తే ఉందనుకున్న లిగాండ్ సగం ఎగిరిపోతుంది. మ్యాపులో ఒక్క అంకె కూడా మారలేదు, మనం గీత జరిపామంతే.

వాల్యూమ్ రెండరింగ్‌లో గీత ఉండదు. మ్యాపులోని ప్రతి బిందువుకూ దాని విలువను బట్టి ఒక రంగు, కొంత చిక్కదనం అంటగట్టి, మొత్తాన్ని మబ్బులా ఒకేసారి చూపిస్తారు. బలమైన సాంద్రత చిక్కగా, బలహీనమైనది పలచగా కనిపిస్తుంది. సాంద్రత ఒక్కసారిగా పడిపోతోందా, మెల్లగా కరిగిపోతోందా అన్నది కంటికి తెలుస్తుంది. మెష్‌లో తెలియనిది ఇదే.

పద్ధతి కొత్తదేమీ కాదు. 1960 ప్రాంతంలో కేంబ్రిడ్జ్‌లో జాన్ కెండ్రూ బృందం మయోగ్లోబిన్ నమూనా కట్టినప్పుడు సుమారు 2500 ఉక్కు కడ్డీలను అడవిలా నిలబెట్టి, సాంద్రత విలువను బట్టి వాటికి రంగురంగుల క్లిప్పులు తగిలించింది. విలువకో రంగు అన్నమాట. మనం ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డుతో చేయించేది ఆ క్లిప్పుల పనే.

ఈ వ్యాసంలో ఎక్కువగా పైమోల్‌తో చూపిస్తాను, చివర్లో కైమెరాఎక్స్ సంగతి చెబుతాను. రెండూ అణువుల నిర్మాణాలను తెర మీద చూపించే సాఫ్ట్‌వేర్లు. ఉదాహరణకి ప్రోటీన్ డేటా బ్యాంకులో 6ఎల్‌యు7 అనే కోడుతో ఉన్నదాన్ని తీసుకుందాం. కొవిడ్ వైరస్ ప్రధాన ప్రోటియేజ్‌లో (ప్రోటీన్లను కత్తిరించే ఎంజైమ్‌లో) ఎన్3 అనే ఇన్‌హిబిటర్ (ఆ పనిని ఆపే అణువు) కూర్చున్న నిర్మాణం ఇది. 2020లో వచ్చింది, రిజల్యూషన్ (ఎంత చిన్న వివరం విడిగా తెలుస్తుందో చెప్పే కొలత) 2.16 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఇన్‌హిబిటర్ సి చైన్‌గా విడిగా ఉంటుంది కాబట్టి పట్టుకోవడం తేలిక. అది 145వ సిస్టీన్ గంధకానికి సమయోజనీయ బంధంతో అతుక్కుని ఉంటుంది. ఆ బంధం దగ్గర మబ్బు ఎలా ఉందో చూడటం మంచి పరీక్ష.

ఒక మాట. ఆదేశాలను పలికే తీరులో తెలుగు అక్షరాల్లోనే రాశాను. టైపు చేసేటప్పుడు వాటినే ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి, కింది గీత కనిపించిన చోట అండర్‌స్కోర్ పెట్టండి. చైన్ పేరైన సి ఒక్కటి మాత్రం పెద్ద అక్షరంలో కొట్టండి.

1. మ్యాపు తెచ్చుకోండి, దాని కొలమానం తెలుసుకోండి

పైమోల్ ఆదేశాల పెట్టెలో ఈ మూడూ ఇవ్వండి:

ఫెచ్ 6ఎల్‌యు7
ఫెచ్ 6ఎల్‌యు7, టైప్=2ఎఫ్ఓఎఫ్‌సీ
ఫెచ్ 6ఎల్‌యు7, టైప్=ఎఫ్ఓఎఫ్‌సీ

మొదటిది పరమాణు నమూనా. రెండోది మామూలు మ్యాపు. మూడోది తేడా మ్యాపు, అంటే కొలతల్లో ఉండి నమూనాలో లేనిదీ, నమూనాలో ఉండి కొలతల్లో లేనిదీ చూపించేది. మ్యాపులు యూరప్ ప్రోటీన్ డేటా బ్యాంకు నుంచి సీసీపీ4 ఫార్మాట్‌లో దిగుతాయి.

మీ దగ్గర ఉన్నది మీ సొంత రిఫైన్‌మెంట్ (నమూనాను కొలతలకు సరిపోయేలా సవరించడం) తాలూకు ఎంటీజెడ్ ఫైలైతే, ముందు దాన్నుంచి మ్యాపు తయారుచేసుకోండి. ఆ చేసేటప్పుడే గ్రిడ్ (మ్యాపు విలువలుండే బిందువుల అల్లిక) కాస్త దగ్గరగా పెట్టుకోండి. రిజల్యూషన్‌లో మూడో వంతు ఎడం మెష్‌కి సరిపోతుంది. మబ్బుకి నాలుగో వంతో, అంతకంటే తక్కువో ఉంటే నునుపుగా వస్తుంది.

ఇక సిగ్మా. ఇక్కడ తొందరపడొద్దు, తర్వాత వచ్చే తికమకల్లో సగానికి మూలం ఇదే. మ్యాపు లెక్కించేటప్పుడు మొత్తం ఎలక్ట్రాన్ల సంఖ్యను తెలిపే ఎఫ్000 పదాన్ని సాధారణంగా కలపరు. అందుకే మ్యాపు సగటు సున్నా దగ్గర ఉంటుంది. సున్నా అంటే శూన్యం కాదు, సగటు. స్ఫటికంలో నీళ్లున్న చోట ఘనపు ఆంగ్‌స్ట్రామ్‌కి సుమారు 0.33 ఎలక్ట్రాన్లు ఉంటాయి, ప్రోటీన్ ఉన్న చోట సగటున 0.43 వరకు. ఈ కొద్దిపాటి తేడా మీదే మన బొమ్మంతా నిలబడుతుంది.

సిగ్మా అంటే ఆ సగటు చుట్టూ విలువలు ఎంత చెదిరి ఉన్నాయన్నది. నీళ్లు ఎక్కువున్న స్ఫటికంలో మైదానం లాంటి చోటు ఎక్కువ, కాబట్టి చెదురు తక్కువ, సిగ్మా చిన్నది. అంటే రెండు వేర్వేరు స్ఫటికాల్లో "1.5 సిగ్మా" ఒకే సాంద్రత కాదు. రెండు మ్యాపులను పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. మ్యాపులోంచి చిన్న ముక్క కత్తిరించి దాచుకుంటే, ఆ ముక్క సిగ్మా మొత్తం మ్యాపు సిగ్మాతో సరిపోదు.

పైమోల్ సీసీపీ4 మ్యాపును తెరిచేటప్పుడు మామూలుగా తనే సిగ్మాలోకి మార్చేస్తుంది. నార్మలైజ్_సీసీపీ4_మ్యాప్స్ అనే సెట్టింగ్ దీన్ని నడుపుతుంది. మీ పైమోల్‌లో అది ఆన్‌లో ఉందో లేదో ఒకసారి చూసుకోండి. మార్చాలంటే మ్యాపు తెరవక ముందే మార్చాలి, తెరిచాక మార్చి లాభం లేదు.

2. ముందు మెష్ గీయండి

మబ్బు చూడటానికి వచ్చి మళ్లీ వల ఎందుకంటారా? కొలబద్దగా. మబ్బులో "ఇక్కడ ఎంత" అన్న అంకె కనబడదు, మెష్‌లో కనబడుతుంది.

జూమ్ చైన్ సి, 5
ఐసోమెష్ వల, 6ఎల్‌యు7_2ఎఫ్ఓఎఫ్‌సీ, 1.5, చైన్ సి, కార్వ్=2.0

వల అన్నది నేను పెట్టిన పేరు, మీకు నచ్చింది పెట్టుకోండి. చివరన ఉన్న కార్వ్ ఏం చేస్తుందంటే, ఎంచుకున్న పరమాణువులకు 2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉన్న సాంద్రతనే ఉంచి మిగతాది కోసేస్తుంది. దీని గురించి తర్వాత గట్టిగా మాట్లాడుకోవాలి.

3. మబ్బు పుట్టించండి

వాల్యూమ్ మబ్బు, 6ఎల్‌యు7_2ఎఫ్ఓఎఫ్‌సీ

ఎంటర్ కొట్టగానే తెర నిండా ఏదో కమ్ముకుంటుంది. బొమ్మ బాగాలేదని కంగారు పడకండి, ఎవరికైనా మొదట అలాగే వస్తుంది. ఇప్పుడు:

వాల్యూమ్_ప్యానెల్ మబ్బు

విడిగా ఒక కిటికీ తెరుచుకుంటుంది. అడ్డంగా మ్యాపు విలువలు, నిలువుగా చిక్కదనం. వెనకాల కనిపించే గుట్ట ఆకారం హిస్టోగ్రామ్, ఏ విలువ ఎన్ని గ్రిడ్ బిందువుల్లో ఉందో చెబుతుంది. దాన్ని ఒక్క నిమిషం చూడండి. గుట్ట శిఖరం సున్నా దగ్గరే ఉంటుంది, అదంతా నీళ్లూ, గోలా (నాయిస్). మనకు కావలసిన ప్రోటీన్ కుడివైపు సాగిన సన్నటి తోకలో ఉంటుంది. గుట్టకు చిక్కదనం ఇస్తే తెర కమ్ముకుపోతుంది, తోకకే ఇస్తే బొమ్మ తేలుతుంది. చేయాల్సింది ఇంతే, కానీ ఎంత ఇవ్వాలన్నదే నేర్పు.

ప్యానెల్‌లో గీత మీది చుక్కలను మౌస్‌తో లాగొచ్చు, కొత్తవి చేర్చొచ్చు, రంగు మార్చొచ్చు. ఏ బటన్ ఏం చేస్తుందో అక్కడే ఉన్న హెల్ప్ నొక్కితే చూపిస్తుంది.

4. రంగుల మెట్లు కట్టండి

చేత్తో లాగడం సరదాగా ఉంటుంది కానీ రేపు మళ్లీ అదే బొమ్మ రాదు. అంకెలతో ఇవ్వడం అలవాటు చేసుకోండి. వరస ఇది: విలువ, రంగు, చిక్కదనం. మళ్లీ విలువ, రంగు, చిక్కదనం. అలా ఎన్నైనా.

వాల్యూమ్_కలర్ మబ్బు, 0.8 బ్లూ 0.0 1.2 బ్లూ 0.02 2.0 సయాన్ 0.06 3.5 ఎల్లో 0.15 10.0 ఎల్లో 0.15

దీన్ని చదివే తీరు చూడండి. 0.8 సిగ్మా దగ్గర చిక్కదనం సున్నా, ఆ కింద ఉన్నదంతా గాలే. 1.2 దగ్గర ఉందా లేదా అన్నంత పలచటి నీలం. 2 దాటాక ఆకాశనీలం, 3.5 దాటితే పసుపు. చుక్కకీ చుక్కకీ మధ్య పైమోల్ తనే కలుపుకుంటూ పోతుంది.

చిక్కదనం అంకెలు మరీ చిన్నవిగా ఉన్నాయనిపిస్తుందా? లెక్క చేసి చూడండి. కంటి నుంచి బయల్దేరిన కిరణం మబ్బులో పొర తర్వాత పొర దాటుతుంది, ప్రతి పొరా వెనకున్న దాన్ని కొంత కప్పేస్తుంది. ఒక్కో పొర 0.1 వంతు కప్పితే, 20 పొరలు దాటేసరికి 0.9ని 20 సార్లు గుణించినంతే, అంటే 12 శాతమే మిగులుతుంది. 88 శాతం కప్పుకుపోయింది. అదే 0.02 అయితే 20 పొరల తర్వాత కూడా మూడింట రెండు వంతులు కనబడుతుంది. కొత్తవాళ్లు 0.5, 0.8 ఇచ్చి, గట్టి ముద్ద వచ్చిందని వాల్యూమ్ రెండరింగే పనికిరాదంటారు. వాళ్లు చూసింది మెష్‌కన్నా మొద్దుగా ఉన్న సర్ఫేస్‌ని.

దీన్నించే ఇంకో ఇబ్బందీ వస్తుంది. ఒకే హెలిక్స్‌ను (ప్రోటీన్ గొలుసు చుట్ట తిరిగిన భాగాన్ని) పక్కనుంచి చూస్తే పలచగా, కొసనుంచి ఇరుసు వెంట చూస్తే చిక్కగా కనిపిస్తుంది. సాంద్రత పెరగలేదు, పొరలు పెరిగాయి. అందుకే మబ్బును ఒక్క కోణంలో చూసి తీర్పు చెప్పకండి. రాక్ అని కొట్టి బొమ్మను ఊగనివ్వండి, లోతు కూడా అప్పుడే తెలుస్తుంది.

ఈ మెట్లతో 145వ సిస్టీన్ దగ్గరకు వెళ్లండి. గంధకానికి 16 ఎలక్ట్రాన్లు, కార్బన్‌కి 6. మిగతావన్నీ ఒక్కలా ఉంటే గంధకం ఉన్న చోటే పసుపు ముందుగా తేలాలి. అక్కడినుంచి ఇన్‌హిబిటర్ కార్బన్ వైపు మబ్బు తెగకుండా సాగిందా అన్నది చూడాల్సిన విషయం. తర్వాత ఇన్‌హిబిటర్ రెండు కొసలనూ నడుముతో పోల్చండి. ప్రోటీన్‌లో గట్టిగా ఇరుక్కున్న చోటుకీ, ద్రావణంలోకి వేలాడుతున్న చోటుకీ ఉండే తేడాను వల ఉంది-లేదు అన్నట్టు చూపిస్తుంది, మబ్బు మెల్లగా పలచబడుతూ చూపిస్తుంది. ఒక విషయంలో మాత్రం ఆశ పెట్టుకోవద్దు. 2.16 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర పరమాణువులు విడివిడి గుండ్లుగా కనబడవు. అలా చూడాలని ఉంటే 0.48 ఆంగ్‌స్ట్రామ్‌ల క్రాంబిన్, 3ఎన్ఐఆర్, తెరిచి ఇవే ఆదేశాలు ఇవ్వండి. ఆ బొమ్మ ఒక్కసారైనా చూడాల్సిందే. దానికి మెట్లు మాత్రం బాగా పైకి జరపాల్సి వస్తుంది.

5. కోయడం, దాని ప్రమాదం

తెర నిండా మబ్బు అక్కర్లేదు, ఇన్‌హిబిటర్ చుట్టూ చాలు అనుకుంటే మబ్బును చెరిపేసి మళ్లీ పుట్టించండి:

డిలీట్ మబ్బు
వాల్యూమ్ మబ్బు, 6ఎల్‌యు7_2ఎఫ్ఓఎఫ్‌సీ, సెలెక్షన్=చైన్ సి, కార్వ్=2.0

తర్వాత రంగుల మెట్లు మళ్లీ ఇవ్వండి. బొమ్మ ముచ్చటగా వస్తుంది. ముచ్చటగా రావడమే ఇక్కడి చిక్కు. పరమాణువుల చుట్టూ 1.6 ఆంగ్‌స్ట్రామ్‌లు మాత్రమే ఉంచి మిగతాది కోసేస్తే, మిగిలేది ఏదైనా లిగాండ్ ఆకారంలోనే ఉంటుంది! గోల కూడా లిగాండ్‌లాగే కనబడుతుంది. నేనూ మొదట్లో ఇలాగే మోసపోయాను. బిగుతుగా కోసిన బొమ్మ చూసి మురిసిపోయి, కార్వ్ తీసేశాక చూస్తే చుట్టూ అలాంటి పోగులే చెల్లాచెదురుగా ఉన్నాయి.

కాబట్టి బొమ్మ కోసం కోయండి, నిర్ణయం కోసం కోయకండి. ఒకసారి కార్వ్ లేకుండా, లేదా కనీసం 5 ఆంగ్‌స్ట్రామ్‌లు ఇచ్చి చూడండి. లిగాండ్ మీది మబ్బు చుట్టూ ఉన్న దానికన్నా స్పష్టంగా చిక్కగా ఉంటేనే దాన్ని నమ్మండి.

పైగా మామూలు మ్యాపులో నమూనా ప్రభావం కలిసే ఉంటుంది. నమూనాలో లిగాండ్ పెట్టి రిఫైన్ చేస్తే దాని నీడ మ్యాపులో పడుతుంది. లిగాండ్ ఉందా అన్న అసలు ప్రశ్నకు, లిగాండ్‌ను తీసేసి రిఫైన్ చేసిన ఓమిట్ మ్యాపునో, ఫీనిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లోని పోల్డర్ మ్యాపునో మబ్బుగా చూపించండి. సాక్ష్యంగా నిలిచేది అదే.

6. తేడా మ్యాపుకి రెండు వైపులా మెట్లు

ఇక్కడ సున్నాకి రెండు పక్కలా విషయం ఉంటుంది. కుడివైపు ఆకుపచ్చ, ఎడమవైపు ఎరుపు అన్నది అలవాటు.

వాల్యూమ్ తేడా, 6ఎల్‌యు7_ఎఫ్ఓఎఫ్‌సీ
వాల్యూమ్_కలర్ తేడా, -6.0 రెడ్ 0.2 -4.0 రెడ్ 0.1 -3.0 రెడ్ 0.0 3.0 గ్రీన్ 0.0 4.0 గ్రీన్ 0.1 6.0 గ్రీన్ 0.2

మైనస్ 3 నుంచి 3 దాకా ఏమీ కనబడదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లు చాలానే ఉన్నాయి కాబట్టి, పదిమందికి చూపే బొమ్మలో ఎరుపు బదులు నారింజ, ఆకుపచ్చ బదులు నీలం పెట్టి, ఏది ఏదో కింద రాయడం మంచిది. రెండు మబ్బులను ఒకదాని మీద ఒకటి వేయకండి, రంగులు కలిసిపోయి ఏది ఎవరిదో తెలియదు. ఒకటి మబ్బుగా, ఇంకోటి మెష్‌గా ఉంచండి.

7. నునుపు, బొమ్మ తీయడం

మబ్బులో పొరలు పొరలుగా చారలు కనిపిస్తే వాల్యూమ్_లేయర్స్ సెట్టింగ్‌ను పెంచండి, మామూలుగా 256 ఉంటుంది. గడులు గడులుగా కనిపిస్తే మ్యాప్_డబుల్ ఇవ్వొచ్చు. అది ప్రతి దిక్కులోనూ గ్రిడ్‌ను రెట్టింపు చేస్తుంది కాబట్టి మెమరీ 8 రెట్లవుతుంది. ఒక్కసారి చాలు. అందులో కొత్త సమాచారం ఏమీ పుట్టదు, ఉన్నదాన్నే మధ్యలో పూరిస్తుంది.

తెల్ల నేపథ్యం మీద పలచటి పసుపు అస్సలు కనబడదు. నల్ల నేపథ్యానికి కట్టిన మెట్లు తెల్లదానికి పనికిరావు, రంగులు ముదురు చేసి మళ్లీ కట్టుకోవాలి.

రే ఆదేశంతో బొమ్మ తీయబోతే జాగ్రత్త. పైమోల్‌లో వాల్యూమ్ పూర్తిగా ఓపెన్‌జీఎల్ షేడర్ల (గ్రాఫిక్స్ కార్డులో నడిచే చిన్న ప్రోగ్రాముల) పని, దానికి అసలైన రే ట్రేసింగ్ లేదు. పెద్ద బొమ్మకి:

డ్రా 4000, 3000, యాంటీఎలియాస్=2
పీఎన్‌జీ బొమ్మ.పీఎన్‌జీ

నీడలూ అంచు గీతలూ తప్పనిసరైతే రే_వాల్యూమ్ సెట్టింగ్ ఉంది. అది రే ట్రేస్ చేసిన నమూనా మీద మబ్బును అతికిస్తుంది. అప్పుడు బొమ్మ సైజు కిటికీ సైజుకే పరిమితం, అందుకని ముందే కిటికీని పెద్దది చేసుకోండి.

8. కైమెరాఎక్స్‌లో ఇదే పని

మ్యాపు తెరిచాక వాల్యూమ్ వ్యూయర్‌లో స్టైల్‌ను ఇమేజ్‌కి మార్చండి, లేదా వాల్యూమ్ #2 స్టైల్ ఇమేజ్ అని ఇవ్వండి. #2 అన్నది మీ మ్యాపు నంబరు. హిస్టోగ్రామ్ మీద కంట్రోల్ నొక్కి క్లిక్ చేస్తే కొత్త చుక్క వస్తుంది, ఉన్న చుక్క మీద అదే చేస్తే పోతుంది. పెద్ద మ్యాపులను కైమెరాఎక్స్ మొదట బిందువులు వదిలేస్తూ చూపిస్తుంది, కాబట్టి స్టెప్ 1 పెట్టడం మర్చిపోకండి. ఇక్కడ విలువలు ఫైల్లో ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. పైమోల్‌లో కట్టిన సిగ్మా మెట్లను తెచ్చి పెడితే సరిపోవు, సిగ్మాతో గుణించి మార్చుకోవాలి.

క్రయో-ఈఎం (గడ్డకట్టించిన ప్రోటీన్‌ను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూసే పద్ధతి) మ్యాపులనూ ఇలాగే చూడొచ్చు. అయితే అది ఎలక్ట్రాన్ సాంద్రత కాదు, విద్యుత్ పొటెన్షియల్. ఆస్పార్టేట్, గ్లుటమేట్ పక్క గొలుసులు అందులో పలచబడటం మామూలే. సిగ్మా కూడా అక్కడ నమ్మదగ్గ కొలత కాదు, చుట్టూ ఖాళీ పెట్టె ఎంత పెద్దదైతే సిగ్మా అంత తగ్గుతుంది.

ఏమీ కనిపించకపోతే

ఎక్కువసార్లు జరిగేది కొలమానాల గొడవే. మెట్లు సిగ్మాలో ఉన్నాయి, మ్యాపు అసలు విలువల్లో ఉంది. 0.8 దాటిన బిందువే లేకపోతే తెర ఖాళీ. ప్యానెల్‌లో హిస్టోగ్రామ్ ఎక్కడినుంచి ఎక్కడికి ఉందో చూడండి, రీసెట్ డేటా రేంజ్ నొక్కండి.

హిస్టోగ్రామ్ బాగానే ఉండి మబ్బు రాకపోతే గ్రాఫిక్స్ డ్రైవరును అనుమానించండి. దూరపు సర్వరుకు కనెక్టై పని చేసేటప్పుడు షేడర్లు నడవక ఇలా జరుగుతుంటుంది. అదే సెషన్ ఫైలును మీ ముందున్న కంప్యూటర్లో తెరిచి చూడండి.

మెట్లు నచ్చినట్టు కుదిరాక ప్యానెల్‌లో గెట్ కలర్స్ యాజ్ స్క్రిప్ట్ నొక్కి, వచ్చిన వరసలను బొమ్మ ఫైలు పక్కనే దాచండి. బొమ్మ కింద రాసేటప్పుడు మ్యాపు రకం, రిజల్యూషన్, చిక్కదనం సున్నా నుంచి మొదలయ్యే సిగ్మా, కోసి ఉంటే ఎన్ని ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర కోశారో రాయండి. ఆ నాలుగోది చాలామంది వదిలేస్తారు, సమీక్షకులు మొదట అడిగేది మాత్రం దాన్నే.